రాత్రి సరేనంది, తెల్లారి కాదంది

1802 డిసెంబరు 2, గురువారం.

ఇంగ్లాండ్ దక్షిణాన హ్యాంప్‌షైర్ సీమ. బేసింగ్‌స్టోక్ పట్నానికి దగ్గర్లో మేనీడౌన్ పార్క్ అనే జమీందారీ బంగళా. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగింటికే పొద్దుగూకుతుంది. మళ్లీ తెల్లవారేసరికి దాదాపు ఎనిమిదవుతుంది. మధ్యలో పదహారు గంటల చీకటి. ఒక ఆడపిల్ల జీవితం ఒక దారి పట్టి, తిరిగి మరో దారికి మళ్లడానికి ఆ పదహారు గంటలే సరిపోయాయి.

ఆ బంగళాకు చుట్టపుచూపుగా వచ్చిన అక్కచెల్లెళ్లు ఇద్దరు. అక్క కసాండ్రా, చెల్లెలు జేన్. స్టీవెంటన్ అనే పల్లెలో చర్చి పాదిరిగా పనిచేసి, ఆ బాధ్యత పెద్ద కొడుకు జేమ్స్‌కు అప్పగించి, బాత్ నగరానికి వెళ్లిపోయిన జార్జ్ ఆస్టిన్ గారి కూతుళ్లు. మేనీడౌన్ ఆడపిల్లలు వాళ్లకు ఏనాటి నుంచో నేస్తాలు. పల్లె విడిచి వెళ్లినా స్నేహం విడవలేదు. అందుకే నవంబరు చివర్లో అన్నగారింటికి వచ్చినప్పుడు ఇక్కడికీ వచ్చారు.

ఆ ఇంటి వారసుడు హ్యారిస్ బిగ్-విథర్. 21 ఏళ్లవాడు. భారీ మనిషి. మాట తడబడుతుంది. ఆ సాయంత్రం జేన్‌ను అడిగాడు, తనను పెళ్లి చేసుకుంటావా అని.

జేన్‌కు అప్పటికి 26 నిండి, 27 పూర్తి కావడానికి రెండు వారాలు తక్కువ. ఆ కాలపు లెక్కలో పెళ్లీడు దాటిపోతున్న పిల్ల. చేతిలో చిల్లిగవ్వ లేదు. కట్నం ఊసే లేదు. పెట్టెలో మాత్రం అచ్చుకాని నవలల రాతప్రతులు ఉన్నాయి. వాటికి సంబంధాల బజారులో విలువ లేదు.

ఆమె సరేనంది.

ఇల్లంతా పండగైంది. హ్యారిస్ అక్కలు తమ నేస్తమే మరదలై వస్తోందని పొంగిపోయారు. కయ్యానికైనా వియ్యానికైనా సమఉజ్జీ ఉండాలంటారు మన పెద్దలు. ఇక్కడ తూకం ఎటు మొగ్గిందో చూడండి. అటు తరతరాల భూములు, బంగళా, గుర్రపు బళ్లు. ఇటు విశ్రాంత పాదిరి కూతురు. ఇంత సంబంధం వెతుక్కుంటూ కాళ్ల దగ్గరికి వచ్చింది. ఆమె ఊఁ అంటే తల్లిదండ్రులకు వృద్ధాప్యంలో బెంగ ఉండదు. పెళ్లికాని అక్కకు నీడ దొరుకుతుంది. అన్నదమ్ములకూ పలుకుబడి పెరుగుతుంది. ఒక్క మాటతో ఒక కుటుంబమంతా గట్టెక్కుతుంది.

ఆ మాట ఆమె అనేసింది కూడా. తర్వాత అందరూ పడుకోవడానికి వెళ్లారు.

ఆ పదహారు గంటల్లో జేన్ తనతో తాను ఏం మాట్లాడుకుందో చెప్పే ఉత్తరం ఒక్కటీ మిగల్లేదు. చెల్లెలి ఉత్తరాల్లో చాలావాటిని కసాండ్రా ముసలితనంలో తగలబెట్టింది. మిగిలింది తెల్లారి జరిగిన సంగతి ఒక్కటే. శుక్రవారం పొద్దున జేన్ హ్యారిస్ ముందుకు వెళ్లి, ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఒక్క పూట కూడా ఉండలేకపోయింది. మేనీడౌన్ బండిలోనే అక్కచెల్లెళ్లు స్టీవెంటన్‌కు తిరిగి వచ్చారు. వెంట వచ్చిన నేస్తాలు గుమ్మం దగ్గర కన్నీళ్లతో కావలించుకుని వెనుదిరిగారు. ఏం జరిగిందో తెలియక జేమ్స్ భార్య మేరీ వదిన తెల్లబోయింది. వీళ్లిద్దరిదీ ఒకటే మాట: రేపే బాత్ వెళ్లిపోవాలి, అన్నయ్యే తీసుకెళ్లాలి. మర్నాడు శనివారం. ఆదివారం ప్రార్థన జేమ్సే చేయించాలి, అప్పటికప్పుడు మరో పాదిరిని వెతకడం తేలిక కాదు. పెద్దింటి ఆడవాళ్లు తోడు లేకుండా బండెక్కి వెళ్లే రోజులు కావవి. ఎన్ని చెప్పినా చెల్లెళ్లు వినలేదు. చివరికి జేమ్స్ బయల్దేరక తప్పలేదు. తర్వాత మేరీ వదిన చెప్పగా విన్న ఆమె కూతురు కారొలైన్ ఈ సంగతి రాసిపెట్టింది. అందువల్లే ఆ రాత్రి కథ మనదాకా వచ్చింది.

హ్యారిస్‌కు అన్యాయం చేయకూడదు. అతను చెడ్డవాడు కాదు. రెండేళ్లకు వేరే పిల్లను చేసుకుని పదిమంది పిల్లల తండ్రయ్యాడు. జేన్ కాదన్నది మనిషిని కాదు, బేరాన్ని. ప్రేమ లేని చోట ఆస్తిని చూసి తల వంచడం ఆమెవల్ల కాలేదు.

ఓడెక్కిన మేనత్త

ఆ "కాదు" ఎంత బరువైనదో తెలియాలంటే ఆ కాలపు చట్టం తెలియాలి. పెళ్లయిన ఆడదానికి ఇంగ్లాండ్ చట్టంలో సొంత అస్తిత్వం లేదు. ఆమె డబ్బు, ఆమె సంపాదన భర్తవే. ఆ కట్టు సడలడం 1870, 1882 చట్టాలతో గానీ మొదలు కాలేదు. పెళ్లికాని ఆడదాని బతుకూ తేలిక కాదు. చదువుకున్న ఇంటి పిల్లకు కూలి పని నామోషీ. ఉద్యోగాల తలుపులన్నీ మూత. మిగిలింది ఒకటే: గవర్నెస్‌గా పరాయి ఇంట చేరి వాళ్ల పిల్లలకు చదువు చెప్పడం. అక్కడ ఆమె పనివాళ్లలో కలవదు, యజమానుల్లోనూ కలవదు. కాబట్టి పెళ్లి అంటే వేడుక కాదు, జీవనోపాధి.

ఈ పాఠం జేన్ ఇంట్లోనే నేర్చుకుంది. ఆమె మేనత్త ఫిలడెల్ఫియా చిన్నతనంలోనే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుంది. పదిహేనో ఏట లండన్‌లో టోపీలు కుట్టే ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి చేర్చారు. సంబంధం చూసి పెళ్లి చేసే దిక్కు లేదు. 1752లో, 21 ఏళ్ల వయసులో, ఆమె ఓడెక్కింది. నెలల తరబడి సముద్రం మీద సాగి మన చెన్నపట్నం రేవులో దిగింది. ఎందుకు? అక్కడ కంపెనీ కొలువులో పెళ్లికాని తెల్లదొరలు చాలామంది ఉన్నారు. కట్నం లేని ఇంగ్లీషు పిల్లకు అక్కడైతే మొగుడు దొరుకుతాడని ఆశ. ఆర్నెల్లు తిరిగేసరికి కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోట వైద్యుడు టైసో హ్యాంకాక్‌తో పెళ్లయింది. ముక్కూ మొహం తెలియని దేశానికి తనను తాను సరుకులా పంపుకోవాల్సి వచ్చిన ఆడపిల్ల కథ ఇది. జేన్ పదహారేళ్ల ప్రాయంలో రాసిన ఒక అసంపూర్తి కథలో ఇలాగే పెళ్లి కోసం బెంగాల్‌కు పంపిన అనాథ పిల్ల కనిపిస్తుంది.

జేన్‌కు తన అనుభవమూ ఉంది. ఇరవయ్యో ఏట, 1795 చివరి వారాల్లో, టామ్ లెఫ్రాయ్ అనే ఐర్లాండ్ కుర్రాడితో డాన్సులు చేసింది, కబుర్లు చెప్పింది. ఇద్దరికీ ఆస్తి లేదు. అతను న్యాయవాద వృత్తిలో పైకొచ్చి ఇంటివాళ్లను ఆదుకోవాలి. పెద్దవాళ్లు అతన్ని అక్కణ్నుంచి పంపేశారు. తర్వాత అతను ఐర్లాండ్ ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. కసాండ్రా సంగతి ఇంకా విషాదం. పెళ్లికి డబ్బు సరిపోక ఆమెకు కాబోయే భర్త టామ్ ఫౌల్ వెస్టిండీస్ వెళ్లే సైన్యంతో పాదిరిగా వెళ్లాడు. 1797లో అక్కడే విషజ్వరంతో చనిపోయాడు. ఒక చెల్లెలి ప్రేమను డబ్బు లేకపోవడం ఆపింది. ఒక అక్క వరుణ్ని డబ్బు కోసం చేసిన ప్రయాణం మింగింది.

ఇవన్నీ తెలిసి కూడా జేన్ మేనీడౌన్‌ను కాదంది.

అన్నదమ్ముల చందా

కాదన్నందుకు వెల కట్టాల్సి వచ్చింది. 1805 జనవరి 21న తండ్రి పోయాడు. ఆయనతోపాటు చర్చి రాబడీ పోయింది. తల్లి, ఇద్దరు కూతుళ్లు. అన్నదమ్ములు కూర్చుని ఎవరెంత ఇవ్వగలరో లెక్క వేసుకున్నారు. ఒకరు 50 పౌండ్లు, ఇంకొకరు 50, కలిగినవాడు 100. తల్లికీ కసాండ్రాకూ ఉన్న కొద్దిపాటి రాబడి కూడా కలిపితే ముగ్గురు ఆడవాళ్ల బతుకు ఏడాదికి సుమారు 450 పౌండ్ల మీద నడవాలి. ఆ లెక్కలో జేన్ వంతుగా కలపడానికి ఏమీ లేదు. ఆమె పేరు ఎదుట సున్నా.

కలిగినవాడు ఎడ్వర్డ్. ఆస్టిన్ ఇంట పుట్టినా, పిల్లలు లేని బంధువులు నైట్ దంపతులకు దత్తత వెళ్లాడు. కెంట్‌లో గాడ్‌మర్‌షమ్ అనే మహా బంగళా, హ్యాంప్‌షైర్‌లో చాటన్ ఊళ్లో భూములు అతనివే. ఒకే తల్లి కడుపున పుట్టినా వర్గాలు రెండయ్యాయి. 1805 వేసవిలో జేన్ గాడ్‌మర్‌షమ్‌లో ఉండగా ఒక క్షురకుడు వచ్చాడు. ఎడ్వర్డ్ భార్యకు జుట్టు అలంకరించిన ప్రతిసారీ 5 షిల్లింగులు తీసుకునేవాడు. జేన్ జుట్టు కత్తిరించి రెండున్నర షిల్లింగులే పుచ్చుకున్నాడు. తమ చిన్న వయసు చూసో తమ పేదరికం చూసో తగ్గించి ఉంటాడని ఆమె అక్కకు రాసింది. ఆ ఇంట ఎవరు యజమాని, ఎవరు చుట్టమో బయటి మనిషికి ఇట్టే తెలిసిపోయిందన్నమాట.

నాలుగేళ్లపాటు బాత్‌లో అద్దె ఇళ్లు, సౌతాంప్టన్‌లో ఇంకో అన్న ఇల్లు. 1809 జులైలో ఎడ్వర్డ్ చాటన్‌లో తన ఎస్టేటు మేనేజరు ఉండే ఇంటిని తల్లికీ చెల్లెళ్లకూ ఇచ్చాడు. రోడ్డు పక్క ఇల్లు, గుర్రపు బళ్లు కిటికీ ఒరుసుకుంటూ పోయేవి. తల్లి, కసాండ్రా, జేన్, స్నేహితురాలు మార్తా, మొత్తం నలుగురు ఆడవాళ్లు. పొద్దున్నే పియానో వాయించుకుని, తొమ్మిదింటికి అందరికీ టిఫిన్ సిద్ధం చేయడం జేన్ పని. ఇంటి టీపొడి, పంచదార ఆమె అజమాయిషీలో ఉండేవి. మిగతా బరువంతా అక్క మోసింది, చెల్లెలు రాసుకోవాలని.

కిటికీ పక్కన ఒక చిన్న వాల్‌నట్ బల్ల. ఒంటికాలి బల్ల, పన్నెండు అంచులు. పళ్లెం, గ్లాసు పెడితే నిండిపోయేంత. దాని మీద చిన్నచిన్న కాగితాల మీద రాసేది. గది తలుపు కిర్రుమనేది. బాగు చేయిస్తామంటే జేన్ వద్దంది. ఎవరైనా వస్తే ఆ చప్పుడుకు కాగితాలు దాచేసుకోవచ్చు. మేనల్లుడు ఒకరు తర్వాత రాసిన జీవితకథలో ఈ ముచ్చట చెప్పాడు.

ఆ బల్ల మీద 1814 జనవరి 21న ఆమె ఒక కొత్త నవల మొదలుపెట్టింది. తండ్రి చనిపోయిన తేదీ అదే. నవల పేరు "ఎమ్మా".

పేరమ్మగా మారిన ఎమ్మా

కథ లండన్‌కు పదహారు మైళ్ల దూరంలోని హైబరీ అనే ఊళ్లో జరుగుతుంది. ఊళ్లోకెల్లా పెద్దింటి పిల్ల ఎమ్మా ఉడ్‌హౌస్. ఏళ్లు దాదాపు 21. తల్లి లేదు. తండ్రికి గాలి తగిలినా భయం, పలచటి గంజి తప్ప ఏదీ ఆరోగ్యం కాదని నమ్మకం. ఎమ్మా పేరిట 30,000 పౌండ్లు ఉన్నాయి. నూటికి ఐదు వడ్డీ వేసుకున్నా ఏడాదికి 1,500. చాటన్‌లోని ఆడవాళ్లందరి రాబడికి మూడింతలకు పైనే. ఆమెకు పెళ్లి అక్కర్లేదు. అక్కర్లేదు కాబట్టే ఇతరుల పెళ్లిళ్లు ఆమెకు కాలక్షేపం.

మన ఊళ్లలో పెళ్లిళ్ల పేరయ్యకు ఒక పద్ధతుంది. రెండు ఇళ్లూ తూచి, గోత్రాలు కలిపి, ఇచ్చిపుచ్చుకోవడాలు మాట్లాడి, చివరికి తాంబూలాలు ఇప్పిస్తాడు. పెళ్లి కుదిరితే తృణమో పణమో ముడుతుంది. ఎమ్మాకు ఆ అవసరం లేదు. ఆమెకు కావలసింది తన తెలివి నిజమైందన్న తృప్తి. తన టీచరమ్మ పెళ్లి తానే కుదిర్చానన్న నమ్మకంతో రంగంలోకి దిగింది.

చేతికి చిక్కింది హ్యారియట్ స్మిత్. పదిహేడేళ్లది. తండ్రి ఎవరో లోకానికి తెలియదు, ఖర్చులు ఎవరో కడుతుంటే ఊరి బడిలో పెరిగింది. అమాయకురాలు, అందగత్తె. ఆమెను రాబర్ట్ మార్టిన్ ప్రేమించాడు. అబ్బే మిల్ పొలాన్ని కౌలుకు చేసే 24 ఏళ్ల రైతు. ఆ పొలంలో హ్యారియట్ ఎండాకాలం ఆరు వారాలు ఉంది. ఆ పిల్లకు వాల్‌నట్ కాయలంటే ఇష్టమని తెలిసి మార్టిన్ మూడు మైళ్లు తిరిగి తెచ్చిపెట్టాడు. ఆమెకు నచ్చిన బుజ్జి ఆవును వాళ్లమ్మ "నీ ఆవు" అంది. ప్రేమంటే మాటలు కాదు, ఇలాంటి పనులే. వాటిని రాయడంలో జేన్‌ను మించినవారు లేరు.

అతను పెళ్లికి అడుగుతూ ఉత్తరం రాశాడు. ఎమ్మా అది చదివి ఆశ్చర్యపోయింది. రైతు ఇంత బాగా రాస్తాడా, అక్కచెల్లెళ్లెవరో సాయపడి ఉంటారు అనుకుంది. కౌలు రైతులతో తనకేం పని అన్నది ఆమె లెక్క. మరీ పేదవాళ్లయితే దానం చేయొచ్చు, తనంతటివాళ్లయితే స్నేహం చేయొచ్చు. తన కాళ్ల మీద తాను నిలబడ్డ రైతు ఆ రెండింట్లోనూ ఇమడడు. కాబట్టి ఆమె కంటికి ఆనడు. జవాబు నువ్వే రాసుకో అంటూనే ప్రతి వాక్యం దగ్గరా చేయి పెట్టింది. హ్యారియట్ చేత "కాదు" అనిపించింది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. మేనీడౌన్‌లో జేన్ అన్న "కాదు" ఆమె సొంతం. హ్యారియట్ రాసిన "కాదు" ఎమ్మాది. మొదటిదానిలో ఆత్మగౌరవం ఉంది. రెండోదాన్లో అరువు గొంతు ఉంది. పన్నెండేళ్ల తర్వాత జేన్ కలం ఈ తేడా దగ్గరకే వచ్చి నిలబడింది.

ఎమ్మా చేసిన గాయం ఎంత లోతైందో చూపించడానికి రచయిత్రి ఒక లెక్క చెబుతుంది. కొన్నాళ్లకు ఎమ్మా హ్యారియట్‌ను మార్టిన్ ఇంటికి పలకరింపుకు పంపుతుంది. గేటు దగ్గర దింపి, సరిగ్గా పావుగంటకు బండి తిరిగి తెస్తుంది. ఆ ఇంట్లో హ్యారియట్ గడిపింది 14 నిమిషాలు. ఆరు వారాలు కడుపులో పెట్టుకుని చూసిన ఇంటికి 14 నిమిషాలు. లోపల అప్పుడప్పుడే మాటలు కలుస్తున్నాయి. కిందటేడు గోడ మీద గీసిన ఎత్తు కొలతల పెన్సిల్ గుర్తులు చూస్తున్నారు. అంతలోనే బయట బండి వచ్చి ఆగింది. ఆ పెన్సిల్ గీతల ముందు ఎమ్మా 30,000 పౌండ్లు నాకు చాలా చిన్నవిగా కనబడతాయి.

ఎమ్మా మనసులో హ్యారియట్‌కు వరుడు ఊరి పాదిరి ఎల్టన్. అతను వచ్చిపోతున్నది హ్యారియట్ కోసమనుకుంది. క్రిస్మస్ ముందురోజు రాత్రి విందు నుంచి తిరిగొస్తుంటే, కదిలే బండిలో అతను ఎమ్మా చేయి పట్టుకుని తనను చేసుకొమ్మన్నాడు. ఎమ్మా నిర్ఘాంతపోయింది. హ్యారియట్ మాట ఎత్తితే అతనికి అవమానంగా తోచింది. ఎవరి అంతస్తు వారిది, తానంతగా దిగజారలేదన్నాడు. ఎమ్మాకూ ఒళ్లు మండింది, తనతో సమానమనుకుంటాడా అని. వరస చూడండి. ఎమ్మా కంటికి మార్టిన్ ఆనలేదు. ఎల్టన్ కంటికి హ్యారియట్ ఆనలేదు. ఎమ్మా కంటికి ఎల్టన్ ఆనలేదు. ఒకే నిచ్చెన మీద ప్రతివాడికీ కింది మెట్టు వాడి తలే కనిపిస్తోంది. ఎల్టన్ వెళ్లి పదివేల పౌండ్ల కట్నమున్న పిల్లను కట్టుకొచ్చాడు. ఆమె ఊళ్లో దిగీ దిగగానే బావగారి బంగళా గురించీ బండి గురించీ చెప్పడం మొదలుపెట్టింది.

కొండ మీద జారిన మాట

ఈ నిచ్చెనకు అడుగున మిస్ బేట్స్ ఉంది. పూర్వం ఆ ఊరి పాదిరిగా చేసినాయన కూతురు. పెళ్లి కాలేదు. ముసలి తల్లితో అద్దె గదుల్లో ఉంటుంది. ఎవరో యాపిల్ పళ్లు పంపుతారు, ఎమ్మా ఇంటి నుంచి పంది మాంసం వస్తుంది. ప్రతిదానికీ పొంగిపోయి గుక్కతిప్పుకోకుండా కృతజ్ఞత చెబుతుంది. అంత మాట్లాడుతుందని ఊరంతా విసుక్కుంటుంది. ఇచ్చేవాడి దయ మీద బతికే మనిషి మౌనంగా ఎలా ఉండగలదు?

బాక్స్ హిల్ కొండ మీదికి వనభోజనానికి వెళ్లినప్పుడు మాటల ఆట పెట్టారు. ఎవరైనా ఒక చమత్కారమైన మాటైనా, మూడు పసలేని మాటలైనా చెప్పాలి. మూడు పసలేని మాటలైతే తనకు తేలికేనని మిస్ బేట్స్ నవ్వింది. అప్పుడు ఎమ్మా నోరు జారింది. మూడింటితో ఆగడమే మీకు కష్టం కదా అన్న అర్థం వచ్చేలా పదిమంది ముందూ అనేసింది. ఆ మాట మిస్ బేట్స్‌కు తగలడానికి ఒక్క క్షణం పట్టింది. తగిలాక కోపగించుకోలేదు. ముఖం కొద్దిగా ఎర్రబడింది. తన నోటిని తానే నిందించుకుంది.

బండి దగ్గర నైట్లీ ఎమ్మాను నిలదీశాడు. అతను ఆ ప్రాంతపు పెద్ద భూస్వామి, ఎమ్మాకు చిన్నప్పటి నుంచీ తెలిసినవాడు. ఆమె నీకు సమానురాలైతే నవ్వి ఊరుకునేవాణ్ని అన్నాడు. కలిగినింట పుట్టి పేదరికంలోకి జారిన మనిషి, బతికిన కొద్దీ ఇంకా జారాల్సిన మనిషి, ఆమె మీద జాలి ఉండాల్సిన చోట అపహాస్యమా అన్నాడు. ఇంటికెళ్లే దారంతా ఎమ్మా ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే మిస్ బేట్స్ ఇంటి మెట్లెక్కింది.

ఈ నవల గుండె అక్కడే కొట్టుకుంటుందని నేను నమ్ముతాను. పాదిరి కూతురు, పెళ్లి కాలేదు, ముసలి తల్లి, ఇతరుల దయతో వచ్చిన ఇల్లు. చాటన్‌లో బల్ల దగ్గర కూర్చున్న రచయిత్రి బతుకు ఎమ్మా బతుకు కాదు, మిస్ బేట్స్ బతుకు. తనను చూసి లోకం ఎలా నవ్వుతుందో జేన్‌కు తెలుసు. మేనీడౌన్‌ను కాదన్న మనిషి, తాను ఏమైపోతానని లోకం భయపెట్టిందో ఆ మనిషినే తెచ్చి కథలో నిలబెట్టింది. ఆమె పరువు కాపాడే పని తన కథలోకెల్లా మంచి మనిషికి అప్పగించింది.

మేనకోడలు అడిగిన ప్రశ్న

1814 నవంబరు. నవల సగంలో ఉండగా గాడ్‌మర్‌షమ్ నుంచి ఎడ్వర్డ్ కూతురు ఫ్యానీ ఉత్తరం రాసింది. ఎమ్మా ఈడుదే, 21 ఏళ్లు. తల్లి లేదు, పెద్ద ఇంటికి ఆమే పెద్ద దిక్కు. ఒక మంచి కుర్రాడు ఇష్టపడుతున్నాడు, నా మనసు ముందున్నంతగా లేదు, ఏం చేయను అని మేనత్తను అడిగింది.

జేన్‌కు ఇది నిజమైన పరీక్ష. ఎమ్మాలా సంబంధం కుదిర్చే అవకాశం చేతికొచ్చింది. ఆమె ఆ కుర్రాడి మంచితనమంతా ఒప్పుకుంది, అతన్ని మెచ్చుకుంది. ఆ పైన తేల్చి చెప్పింది: ప్రేమ లేకుండా పెళ్లాడటం కంటే ఏదైనా సరే భరించవచ్చు. నిర్ణయం మాత్రం నీదేనంది. ఇదే మనిషి 1817లో అదే పిల్లకు రాస్తూ, ఒంటరి ఆడవాళ్లకు పేదరికం దాపురించడం మహా తేలికని, పెళ్లి వైపు లాగే బలమైన కారణం అదేనని కూడా ఒప్పుకుంది. కష్టాన్ని దాచకుండా చెప్పింది, మనసును అమ్ముకొమ్మని చెప్పలేదు.

నవల 1815 మార్చి 29న పూర్తయింది. మూడు పెళ్లిళ్లతో ముగుస్తుంది. మార్టిన్ రెండోసారి అడిగాడు. ఈసారి హ్యారియట్ పక్కన ఎమ్మా లేదు. పిల్ల సొంత గొంతుతో సరేనంది. ఆమె తండ్రి ఒక వ్యాపారి అని ఆ తర్వాతే తేలింది. నైట్లీ తన బంగళా వదిలి, మామగారి బెంగ తీర్చడానికి ఎమ్మా ఇంటికి ఇల్లరికం వచ్చాడు. గవర్నెస్ కాబోయి, ఆ బజారును బానిసల అమ్మకంతో పోల్చిన జేన్ ఫెయిర్‌ఫాక్స్‌కు రహస్యంగా మనువాడతానన్న ఫ్రాంక్ చర్చిల్‌తో పెళ్లయింది. నిచ్చెన మాత్రం నిచ్చెనలాగే ఉంది. ఎమ్మా, హ్యారియట్ల స్నేహం మెల్లగా పలచబడింది. రచయిత్రి అబద్ధం చెప్పలేదు. నిచ్చెన విరిగిందని రాయలేదు, దాని మెట్ల మీద ఎవరి పాదం ఎవరి వేళ్లను తొక్కుతోందో చూపించింది.

38 పౌండ్ల 18 షిల్లింగులు

1815 డిసెంబరులో "ఎమ్మా" వెలువడింది. మూడు సంపుటాలు, వెల 21 షిల్లింగులు, 2,000 ప్రతులు. అట్ట మీద రచయిత్రి పేరు లేదు. రాజప్రతినిధిగా ఉన్న యువరాజుకు ఆమె నవలలంటే ఇష్టమట. అంకితం ఇవ్వొచ్చని కబురొచ్చింది. భార్యను బాధపెట్టిన ఆ మనిషంటే జేన్‌కు గిట్టదు. అయినా రాచమాట కాదనే వీలు లేదు. ఎర్రతోలు బైండింగుతో ఒక సెట్టు రాజభవనానికి వెళ్లింది. తన వంతు ప్రతుల్లో ఇంకొకటి ఆమె తనంతట తాను పంపుకుంది, ఆన్ షార్ప్‌కు. ఆమె ఎవరనుకున్నారు? ఒకప్పుడు గాడ్‌మర్‌షమ్‌లో ఎడ్వర్డ్ పిల్లలకు చదువు చెప్పిన గవర్నెస్. అన్నగారింట జీతగత్తె, జేన్‌కు ప్రాణస్నేహితురాలు.

మరో పుస్తకం రెండో ముద్రణలో వచ్చిన నష్టం పోగా, "ఎమ్మా" లాభంగా ఆమె చేతికి మొదట అందింది 38 పౌండ్ల 18 షిల్లింగులు. 30,000 పౌండ్ల కథానాయికను సృష్టించిన చేతికి దక్కిన కూలి అది. నవల వెలువడి రెండేళ్లు తిరగకుండానే, 1817 జులై 18న, వించెస్టర్‌లో జేన్ కన్నుమూసింది. వయసు 41. అక్కడి కెథడ్రల్‌లోని సమాధి రాతి మీద ఆమె గుణగణాలున్నాయి, నవలల మాట లేదు.

ఫ్యానీ 1820లో ఒక బారొనెట్‌ను పెళ్లాడి లేడీ నాచ్‌బుల్ అయింది. 1869లో, ముసలితనంలో, చెల్లెలికి ఉత్తరం రాస్తూ జేన్ అత్త తెలివికి తగ్గ నాగరికం ఆమెలో ఉండేది కాదంది. నైట్ వారి పరిచయమే లేకపోతే పెద్దవాళ్ల తీరుకు ఇంకా దిగువనే ఉండిపోయేవారంది. మనసు విప్పి అడిగినప్పుడు అంత ప్రేమగా జవాబు రాసిన మేనత్తను, 55 ఏళ్ల తర్వాత మేనకోడలు నిచ్చెన మీద నుంచి కిందికి చూసింది.

2017 సెప్టెంబరులో ఇంగ్లాండ్ బ్యాంకు కొత్త 10 పౌండ్ల నోటు విడుదల చేసింది. దాని మీద జేన్ ఆస్టిన్ బొమ్మ ఉంది. వెనక గాడ్‌మర్‌షమ్ బంగళా కనిపిస్తుంది. ఆమెకు అది అన్నగారిల్లు, తనిల్లు కాదు. కానీ అదే నోటు మీద సన్నటి గీతల్లో మరొకటి ఉంది: పన్నెండు అంచుల ఆ చిన్న బల్ల.

మన ఇళ్లలో సంబంధాలు ఇంకా చూస్తూనే ఉన్నాం. ప్యాకేజీ ఎంత, ఫ్లాట్ ఎక్కడ, వీసా ఏది అని అడుగుతూనే ఉన్నాం. అడగండి, తప్పు లేదు. బతుకు సంగతి జేన్ కూడా దాచలేదు. కానీ పిల్లచేత సరేననిపించే ముందు, కాదనిపించే ముందు, ఆ మాట ఎవరిదో ఒక్కసారి చూడండి. రాత్రి సరేనని, తెల్లారి కాదన్న పిల్లను నిందించకండి. ఆ రాత్రి ఎంత పొడుగైందో ఆమెకే తెలుసు.

ఆ బల్ల ఇప్పటికీ చాటన్‌లో, అదే ఇంట్లో ఉంది.